కొబ్బరి పీచు పిచ్ మీద వన్డే సీజన్

సంక్రాంతికి ఉద్దానంలో క్రికెట్ టోర్నమెంటు లేని ఊరు వెతుక్కోవాలి. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా, పలాస–కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా హైస్కూలు గ్రౌండ్లలోనూ కోతలైపోయిన మళ్ళలోనూ మైకులు మోగుతూనే ఉంటాయి. హైదరాబాదుకో చెన్నైకో పనులకు పోయిన కుర్రాళ్ళు పండక్కి ఊరొచ్చి పాత జట్టు కట్టేస్తారు. టెన్నిస్ బంతి, ఎనిమిది ఓవర్లో పది ఓవర్లో ఆట, మూడు నాలుగు రోజుల్లో ఫైనల్, కప్పు, ఫొటో. ఆ ఆట అంటే నాకూ ఇష్టమే. కానీ దాన్ని నమ్ముకుని ఏ గుంటడూ జిల్లా జట్టు సెలక్షన్‌కు నిలబడలేడు. అక్కడ అడిగే ఆట వేరు. తోలు బంతి, గంటల తరబడి ఫీల్డింగు, ఒక్కో బౌలరు ఎనిమిదేసి పదేసి ఓవర్లు, ఇన్నింగ్స్ మధ్యలో వికెట్లు పడినప్పుడు ఓపిక పట్టి ఆడే బ్యాటింగు. ఇవన్నీ నేర్పేది వన్డే ఆట. అది కూడా ఒక్క మ్యాచ్‌తో రాదు, ఒక సీజన్ కావాలి.

మన దగ్గర నుంచి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్ ఆఫ్‌స్పిన్‌తో ఆంధ్ర జట్టులోకి చేరాడు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ అతన్ని 30 లక్షలకు తీసుకుంది. ఆ వార్త వచ్చాక మన వీధుల్లో ప్రతి రెండో పిల్లాడూ ఆఫ్‌స్పిన్ వేస్తున్నాడు. వాళ్ళలో ఒకరిద్దరైనా ఆ దారిన పోవాలంటే ఊళ్ళో ఏం ఉండాలి, దాన్ని ఎలా తయారు చేసుకోవాలి అన్నదే ఈ కథనం. మే నెలలో గునపం పట్టిన దగ్గర్నుంచి ముక్కనుమ నాటి ఫైనల్ దాకా, ఒక్కో పనీ వరసగా చెబుతాను.

మనం ఎవరిని చూసి నేర్చుకోవాలో ముందు ఒక మాట. దేశవాళీ వన్డేల్లో పెద్దది విజయ్ హజారే ట్రోఫీ. రంజీ జట్లు యాభై ఓవర్ల ఆటలో తలపడే ఈ పోటీ 2002–03 నుంచి జాతీయ స్థాయిలో జరుగుతోంది. 2024–25లో 38 జట్లు ఆడాయి. డిసెంబరు 21న మొదలై జనవరి 18న వడోదరలో ఫైనల్‌తో ముగిసింది, విదర్భను ఓడించి కర్ణాటక గెలిచింది. ఆ సీజన్‌లో విదర్భ కెప్టెన్ కరుణ్ నాయర్ 779 పరుగులు చేశాడు, సగటు 389.50. మన ఆంధ్ర 2017–18లో సెమీఫైనల్ దాకా వెళ్ళి సౌరాష్ట్ర దగ్గర ఆగింది. గ్రూపులుగా విడదీసి, గ్రూపులో అందరూ అందరితో ఆడి, పాయింట్లు, నెట్ రన్‌రేటు చూసి పైవాళ్ళను నాకౌట్‌కు పంపడం ఆ ట్రోఫీ పద్ధతి. ఒక్క రోజు బాగా ఆడకపోయినా ఇంకో నాలుగైదు రోజులుంటాయి. మన సంక్రాంతి టోర్నీలో మొదటి మ్యాచ్ ఓడితే బ్యాగు సర్దుకోవడమే. పిల్లాడు నేర్చుకునేది ఎందులో అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక పని. అన్నిటికన్నా కష్టమైనదీ, అందరూ వదిలేసేదీ పిచ్. టెన్నిస్ బంతి బరువు 58 గ్రాముల చుట్టుపక్కల. తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు, రాయిలా గట్టిది. ఎగుడుదిగుడు నేల మీద టెన్నిస్ బంతి మొహానికి తగిలితే నవ్వుకుంటాం. తోలు బంతి తగిలితే పళ్ళు ఉండవు. అందుకే పిచ్ సరిగా లేని చోట తోలు బంతి ఆడించకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలామంది పిల్లలు భయపడి ఆట మానేయరు.

గడ్డి పిచ్ పెంచాలంటే రోజూ నీళ్ళు కావాలి, మోటారు రోలర్ కావాలి, తెలిసిన మనిషి కావాలి. ఆ మూడూ మన పల్లెల్లో దొరకవు. మనకు దారి మ్యాటింగ్ వికెట్. గట్టి మట్టి పునాది మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి ఆడే పిచ్ ఇది. దీన్ని పేదవాళ్ళ సర్దుబాటు అనుకోనక్కర్లేదు. 1956లో కరాచీలో ఆస్ట్రేలియా మీద ఫజల్ మహమూద్ 114 పరుగులిచ్చి 13 వికెట్లు తీసిన టెస్టు జరిగింది మ్యాట్ మీదే. కొబ్బరి పీచుకు ఉద్దానం పుట్టిల్లు. కవిటి, కంచిలి, సోంపేటల్లో పీచు తీసి తాళ్ళు పేనేవాళ్ళకు కొదవ లేదు. మ్యాట్ నేతకు మాత్రం కేరళలోని అలెప్పీ పేరు. పిచ్ మ్యాట్ అక్కడి నుంచి తెప్పించుకోవడం ఇవాళ్టికి సులువు. రేపు ఆ మగ్గం మన కంచిలిలోనో కవిటిలోనో నిలబడాలన్నది నా కోరిక.

చోటు చూసేటప్పుడు మొదట దిక్కు చూడాలి. పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉండాలని అందరికీ తెలుసు. మన సీజన్ డిసెంబరు, జనవరి కాబట్టి ఇంకో మెలిక ఉంది. ఆ నెలల్లో సాయంత్రం పొద్దు నైరుతి వైపు వాలుతుంది. పిచ్ సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంటే నాలుగు దాటాక ఉత్తరపు కొసన నిలబడిన బ్యాటరు కంటికి ఆ ఎండ పక్కనుంచి పొడుస్తుంది. దక్షిణపు కొసను కొద్దిగా తూర్పుకు, ఉత్తరపు కొసను కొద్దిగా పడమరకు జరిపితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. కొబ్బరి తోట పక్కన అయితే చెట్ల నీడ పిచ్ మీద పడని దూరం చూసుకోవాలి. సగం ఎండ, సగం నీడ పడిన పిచ్ మీద బంతి కనబడదు. మైదానానికి కనీసం అరవై గజాల బౌండరీ దొరికితే మేలు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు 65 నుంచి 90 గజాలు ఉంటుంది, మనం అంతదాకా పోనక్కర్లేదు.

మే నెలలో తవ్వకం మొదలుపెట్టాలి. ఎందుకంత ముందు అంటే, పునాదికి ఒక వానాకాలం దిగాలి. కొత్తగా పోసిన మట్టి జూన్, జులై వానలకు కుంగినంత కుంగుతుంది. డిసెంబరు ముందు హడావిడిగా పోసిన పునాది ఆట మధ్యలో గుంటలు పడుతుంది. పది అడుగుల వెడల్పు, డెబ్భై అయిదు అడుగుల పొడవు గీసుకుని, తొమ్మిది అంగుళాల లోతు మట్టి ఎత్తిపోయాలి. ఉద్దానం తోటల నేల చాలా చోట్ల ఇసుక కలిసింది. ఇసుక నీటిని దాచుకోదు, గట్టిపడదు, దాని మీద పిచ్ నిలవదు. అడుగున నాలుగు అంగుళాలు గ్రావెల్ వేసి దిమ్మిస చెయ్యాలి. దాని మీద చెరువు మట్టి. ఎండాకాలంలో చెరువులు పూడిక తీసేటప్పుడు వచ్చే నల్లటి జిగట మట్టి దీనికి సరైనది. గడ్డలు చితక్కొట్టి, జల్లెడ పట్టి, వేర్లు, నత్తగుల్లలు ఏరేసి వాడాలి. నౌపడ వైపు ఉప్పు తగిలిన నేలల మట్టి మాత్రం వద్దు. ఆ మట్టి ఆరాక పైన తెల్లగా పేరి పొడి రాలిపోతుంది, మ్యాట్ కింద పట్టు ఉండదు.

చెరువు మట్టి మొత్తం ఒకేసారి పోసెయ్యకూడదు. రెండు అంగుళాల పొర పోసి, సాయంత్రం నీళ్ళు చల్లి, పొద్దున్న కాలికి అంటనంత ఆరాక రోలర్ తిప్పాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే గోటి గుర్తు తప్ప గుంట పడకూడదు. అప్పుడే రెండో పొర. ఇలా మూడు పొరలు వేస్తే చుట్టూ ఉన్న నేల కన్నా ఒక అంగుళం ఎత్తు వస్తుంది. ఆ ఎత్తు కావాలి, లేకపోతే వాన నీళ్ళు పిచ్ మీదే నిలుస్తాయి. మట్టం చూడ్డానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు చాలు. రెండు కొసలా, మధ్యలో మూడు చోట్లా కర్రలు పాతి ట్యూబులో నీటి గీత చూసుకుంటే అర అంగుళం తేడా కూడా దొరికిపోతుంది.

రోలర్ గురించి బెంగ అక్కర్లేదు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. అడుగు వ్యాసార్థం, మూడడుగుల పొడవు ఉన్న గ్రానైట్ స్తంభం చెక్కించి, రెండు కొసల్లో ఇనుప ఇరుసు దింపించుకుంటే దాని బరువు ఇంచుమించు ఏడు వందల కిలోలు వస్తుంది. ఆరుగురు కుర్రాళ్ళు లాగగలరు. పాలిష్ పట్టడానికి పనికిరాని రాయి అయినా మనకు పనికొస్తుంది. ఊరికి ఒకసారి చేయించుకుంటే తరాలు తిరుగుతుంది.

అక్టోబరు, నవంబరు నెలలు గడిచేదాకా పైపొర జోలికి పోవద్దు. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. కొబ్బరీ జీడీ నేలకొరిగిన ఆ ఏడాది ఉద్దానంలో ఎవరికీ ఆట గుర్తు రాలేదు. తుఫాన్ల నెలల్లో పునాది మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ కాలువ తీసి ఉంచాలి. కార్తీకం వెళ్ళాక పైన ఒక పలుచటి పొర వేసి, వారం రోజులు పొద్దున్నపూట రోలర్ తిప్పితే పునాది సిద్ధం.

ఇప్పుడు మ్యాట్ పరవాలి. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. క్రికెట్ చట్టం ప్రకారం కృత్రిమ పిచ్‌కు కనీసం 58 అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉండాలి. 58 అడుగులంటే ఈ కొస బ్యాటింగ్ క్రీజు నుంచి ఆ కొస బ్యాటింగ్ క్రీజు దాకా. డబ్బులు తక్కువైతే అంతే తీసుకోవచ్చు గానీ, 66 అడుగుల మ్యాట్ ఉంటే బౌలరు కాలు పడే చోటు, బ్యాటరు నిలబడే చోటు కూడా మ్యాట్ మీదే ఉంటాయి. నేనైతే కొంచెం ఆగైనా 66 అడుగులదే తెప్పిస్తాను.

మ్యాట్ పరవడానికి ఎనిమిది మంది ఉండాలి. ముందు పునాది చీపురుతో ఊడ్చాలి. ఒక్క గులకరాయి మ్యాట్ కింద ఉండిపోయినా దాని మీద పడిన బంతి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. ఒక కొసను ఆరు అంగుళాల మేకులతో బిగించేశాక, రెండో కొస అంచులో గట్టి వెదురుబొంగు దూర్చి, దానికి తాళ్ళు కట్టి నలుగురు వెనక్కి వాలి లాగుతారు. "లాగండర్రా... ఇంకో రవ్వ... సాలు, మేకెయ్యి!" అని ఒకడు అరుస్తాడు. ఇద్దరు చెరో పక్కా సమ్మెటలతో కూర్చుని ఉంటారు. మేకు తల బయటి వైపుకు వాలేలా ఏటవాలుగా కొట్టాలి, నిట్టనిలువుగా కొడితే మ్యాట్ లాగుడుకు పైకి లేచొస్తుంది. పొడవునా రెండడుగులకో మేకు, బ్యాటరు నిలబడే చోట అడుగుకో మేకు. మేకు తల పీచులో మునిగిపోవాలి. అంతా అయ్యాక ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు రాసుకుంటూ పోవాలి. చేతికి ఎక్కడ అల తగిలితే అక్కడ మేకులు పీకి మళ్ళీ లాగి కొట్టాల్సిందే. రాత్రి మంచుకు తడిసి, ఎండకు ఆరి, మ్యాట్ బిగి మారుతూ ఉంటుంది. అందుకని మ్యాచ్ ముందు ఒకసారి, ఇన్నింగ్స్ మధ్య విరామంలో మరోసారి ఇలా చూడాలి. స్పైకుల బూట్లు మ్యాట్ మీదకు రానివ్వకూడదు, రబ్బరు అడుగున్న బూట్లే. మ్యాచ్ అయ్యాక మ్యాట్ విప్పి, దులిపి, ఎండబెట్టి, చుట్టి, నేలకు తగలకుండా బల్ల మీద పెట్టాలి. తడి మ్యాట్‌ను చుట్టి మూల పడేస్తే మరుసటి ఏడాదికి పీచు చివికిపోతుంది.

గీతలకు సున్నం, కొలతకు కొబ్బరి తాడు. వికెట్ల వెడల్పు తొమ్మిది అంగుళాలు, ఎత్తు 28 అంగుళాలు. వికెట్ల గీత నుంచి బ్యాటింగ్ క్రీజు నాలుగు అడుగులు. వైడ్లు, నోబాళ్ళ గొడవలు సగం ఈ గీతలు వంకరగా ఉన్నందువల్లే వస్తాయి. అందుకని మూలమట్టం పెట్టి, మూడడుగులు, నాలుగడుగులు, అయిదడుగుల త్రిభుజం లెక్కతో లంబకోణం సరిచూసుకోవాలి. ముప్పై గజాల సర్కిల్ గీయడానికి ఒక కొసన మధ్య వికెట్ చోట మేకు పాతి, 30 గజాల తాడు కట్టి, అటు చివర సున్నం డబ్బాతో అర్ధచక్రం తిరగాలి. రెండో కొసనా అంతే. తర్వాత ఆ రెండు అర్ధచక్రాల కొసల్ని నిలువు గీతలతో కలిపేస్తే సర్కిల్ పూర్తయినట్టే. తాడు కొత్తదైతే ముందు రోజు గట్టిగా లాగి కట్టి ఉంచాలి, లేకపోతే తిరుగుతుంటే సాగి గీత కోడిగుడ్డులా తయారవుతుంది.

పిచ్ అయింది. జట్లు కట్టడం దానికన్నా తేలికైన పని, కానీ ఓపిక ఎక్కువ కావాలి. ఊరికో జట్టు అంటే పాతిక జట్లు వస్తాయి, అన్నీ బలహీనంగా ఉంటాయి. నా సూచన ఆరు జట్లు. పలాస–కాశీబుగ్గ, టెక్కలి, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం. వజ్రపుకొత్తూరు, కంచిలి, నందిగాం లాంటి చుట్టుపక్కల మండలాల పిల్లలు దగ్గర్లోని జట్టులో కలుస్తారు. ప్రతి జట్టులో పదిహేనేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు కుర్రాళ్ళు కనీసం నలుగురు తుది పదకొండు మందిలో ఉండి తీరాలన్న నియమం పెట్టాలి. ఈ నియమం లేకపోతే పాతికేళ్ళు దాటిన అన్నలే ఆడతారు, పిల్లలు బౌండరీ బయట నీళ్ళ బాటిళ్ళు మోస్తుంటారు.

ఆరు జట్లు ఒకరితో ఒకరు ఒక్కోసారి ఆడితే పదిహేను మ్యాచ్‌లు. వరస వేయడం తెలియక చాలామంది తంటాలు పడతారు. కాగితం మీద పై వరసలో 1, 2, 3, కింది వరసలో 6, 5, 4 రాయండి. పైనా కిందా ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఆడతారు. తర్వాతి రౌండుకు 1ని కదపకుండా మిగతా అయిదు అంకెల్ని ఒక్కో గడి చొప్పున ఒకే వైపు తిప్పండి. అయిదు రౌండ్లలో ఎవరూ ఎవరితోనూ రెండోసారి ఆడకుండా పదిహేను మ్యాచ్‌లూ వస్తాయి. రెండు మైదానాలుంటే శని, ఆదివారాల్లో కలిపి వారానికి నాలుగు మ్యాచ్‌లు. డిసెంబరు రెండో శనివారం మొదలుపెడితే నాలుగు వారాంతాల్లో పదహారు ఖాళీలు, అందులో పదిహేను మ్యాచ్‌లు, మిగిలిన ఒకటి వానకు. జనవరి రెండో వారాంతం సెమీఫైనళ్ళు. ఫైనల్ కనుమ నాడు పెట్టకండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు మన పెద్దలు, ఎవరింట్లో వాళ్ళు మాంసం వండుకుని కూర్చుంటారు. ముక్కనుమ నాడు పెడితే పండక్కి వచ్చినవాళ్ళు తిరుగు రైలెక్కే ముందు ఆట చూసి వెళ్తారు.

ఓవర్లు ఎన్ని? అసలు వన్డేకు యాభై. ఒక్కో ఇన్నింగ్స్‌కు మూడున్నర గంటలు, మధ్యలో ముప్పావు గంట. తొమ్మిదింటికి మొదలుపెడితే పావు తక్కువ అయిదు. మన ప్రాంతం తూర్పు కొసన ఉంది కాబట్టి డిసెంబరులో అయిదుంబావు దాటితే వెలుతురు ఉండదు. పొద్దున్న మంచు వల్ల తొమ్మిదింటికి మొదలవడమూ అనుమానమే. కుర్రాళ్ళు ఓవర్లు నిదానంగా వేస్తారు. అందుకని లీగ్ మ్యాచ్‌లు నలభై ఓవర్లు, ఫైనల్ ఒక్కటి యాభై పెట్టుకుంటే సరిపోతుంది. నలభై ఓవర్ల ఆటలో బౌలరుకు ఎనిమిది ఓవర్లు. వన్డేలో మొదటి పది ఓవర్లు సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు, పదకొండు నుంచి నలభై దాకా నలుగురు, చివరి పదికి అయిదుగురు. మనకు ఆ లెక్కన మొదటి ఎనిమిది, ఆపై ముప్పై రెండో ఓవరు దాకా, తర్వాత చివరి ఎనిమిది. ఈ సర్కిల్ నియమాన్ని సడలించవద్దు. తొమ్మిదో ఓవరు నుంచి ముప్పై రెండో ఓవరు దాకా నలుగురు బయట ఉండగా ఒక్కో పరుగు తీసి జోడీ నిలబెట్టడం టెన్నిస్ బంతి ఆట ఎప్పుడూ నేర్పదు. జిల్లా సెలక్షన్‌లో మన బ్యాటర్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

మ్యాట్ మీద బంతి సమంగా, కొంచెం ఎత్తుగా లేస్తుంది. స్పిన్నరు తిప్పిన బంతి పీచును పట్టుకుని తిరుగుతుంది, కట్టర్లు కూడా పనిచేస్తాయి. వెనక్కాలి మీద ఆడటం రాని బ్యాటరు రెండో వారానికే నేర్చుకుంటాడు. విశాఖపట్నం గడ్డి పిచ్‌ల మీద ఆట కొంత వేరుగా ఉంటుంది. కానీ సమంగా లేచే బంతిని నమ్మి బ్యాటు నిటారుగా పట్టడం ఇక్కడే అలవాటైతే అక్కడ సర్దుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఇక నీళ్ళు. ఉద్దానంలో ఏ పని గురించి రాసినా ఈ మాట చెప్పకుండా వదలకూడదు. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారంటేనే సంగతి ఎంత పెద్దదో తెలుస్తుంది. జబ్బుకు మూలకారణం ఏమిటన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు గానీ, ఎండలో ఒంట్లో నీరు ఎండిపోవడం కిడ్నీలకు చేటని ఏ డాక్టరైనా చెబుతాడు. అందుకని మన టోర్నీలో ప్రతి పది ఓవర్లకూ నీళ్ళ విరామం తప్పనిసరి చెయ్యాలి. శుద్ధి చేసిన నీళ్ళ డ్రమ్ము మైదానంలోనే ఉండాలి, ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గానీ ఓఆర్‌ఎస్ గానీ పక్కనే ఉంచాలి. కొబ్బరి బొండాలు మన దగ్గర ఎలాగూ దొరుకుతాయి. బ్యాటింగులో ఉన్నవాడు తొందరలో నీళ్ళు వద్దంటే అంపైరే ఆట ఆపి తాగించాలి.

దీనికన్నా గట్టిగా చెప్పాల్సింది నొప్పి మాత్రల గురించి. ఎనిమిది ఓవర్లు వేశాక భుజం పీకుతుంది, నడుము లాగుతుంది. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫినాక్ లాంటి మాత్ర ఇచ్చేస్తారు, మర్నాడు ఇంకోటి. ఈ రకం మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, నీళ్ళు తక్కువ తాగి ఎండలో ఆడినవాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మన నేల మీద ఈ అలవాటును ఆటతో పాటు పిల్లలకు అంటించడం క్షమించరాని పని. నొప్పి వస్తే విశ్రాంతి, ఐసు, డాక్టరు. మాత్ర వేసుకుని ఆడతానన్నవాణ్ణి ఆ రోజు కూర్చోబెట్టేయాలి, ఎంత పెద్ద బౌలరైనా సరే.

అంపైర్లు ఇద్దరూ ఆ రోజు ఆడని జట్ల నుంచి రావాలి. స్కోరర్లు కూడా ఇద్దరు. ఒకరు స్కోరు పుస్తకంలో, ఒకరు ఫోన్‌లో రాస్తారు. క్రిక్‌హీరోస్ యాప్ మన కుర్రాళ్ళందరికీ వచ్చినదే. అయినా పుస్తకం మానకూడదు. ఓవరు అయినప్పుడల్లా ఇద్దరూ స్కోరు చెప్పుకుని సరిచూసుకోవాలి. ఇన్నింగ్స్ ముగిశాక బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే మొత్తం రావాలి, బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపినా అదే మొత్తం రావాలి. రెండూ కలిస్తేనే సంతకం పెట్టాలి.

నెట్ రన్‌రేటు లెక్క దగ్గర గొడవలు రాకుండా ముందే గోడ మీద రాసి పెట్టండి. జట్టు చేసిన మొత్తం పరుగుల్ని ఆడిన ఓవర్లతో భాగించాలి. ఇచ్చిన పరుగుల్ని వేసిన ఓవర్లతో భాగించి మొదటి దాంట్లోంచి తీసెయ్యాలి. నలభై ఓవర్లలో 200 చేసి, నలభై ఓవర్లలో 180 ఇస్తే, 5.00 లోంచి 4.50 పోను 0.50. ఆలౌటైన జట్టు ముప్పై ఓవర్లకే కుప్పకూలినా లెక్కలో నలభై ఓవర్లూ వేసుకోవాలి. ఈ ఒక్క ముక్క తెలియకే చాలా ఊళ్ళలో పట్టిక తప్పుతుంది. విజయ్ హజారేలో వాన పడితే కేరళ ఇంజినీరు జయదేవన్ రూపొందించిన వీజేడీ పద్ధతిలో లక్ష్యం మారుస్తారు. మనకు అంత లెక్క వద్దు, వాన పడితే మర్నాడు ఆడుకుందాం.

స్కోరు పుస్తకం మీద ఎందుకింత పట్టు అంటే, సీజన్ అయ్యాక చేతిలో మిగిలేది అదే. కప్పు ఎవరింట్లోనో బీరువా మీద ఉంటుంది. అయిదు మ్యాచ్‌ల్లో పన్నెండు వికెట్లు తీసిన పదహారేళ్ళ కుర్రాడి పేరు మాత్రం పుస్తకంలో ఉంటుంది. ఆ పేజీల నకలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్టుకుని జిల్లా సెలక్షన్‌కు వెళ్ళాలి. వయసు విషయంలో ఒక్క రోజు కూడా దిద్దవద్దు. అండర్–16 పిల్లలకు బోర్డు ఎముక పరీక్ష చేయిస్తుంది, అబద్ధం అక్కడ నిలవదు. జిల్లా జట్టు నుంచి విజయనగరం, విశాఖపట్నం పిల్లలతో కలిసి నార్త్ జోన్, అక్కడి నుంచి ఆంధ్ర జట్లు. అండర్–19 వన్డేలకు వినూ మన్కడ్ ట్రోఫీ ఉంది. దాని తర్వాత దారి విజయ్ హజారే వైపే.

అమ్మాయిల సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఇదే పిచ్, ఇవే నియమాలు. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. మొదటి ఏడాది రెండు జట్లే కట్టగలిగినా, సెమీఫైనల్ రోజుల్లో పొద్దున్నపూట వాళ్ళ ఇరవై ఓవర్ల మ్యాచ్ పెట్టండి.

ఈ సంక్రాంతికి మీ ఊరి టోర్నీ చందాలు వసూలు చేసేటప్పుడు ఒక పని చెయ్యండి. ఫ్లెక్సీలకు, డీజేకు, ప్రైజ్ మనీకి పెట్టే డబ్బులో సగం పక్కన పెట్టండి. మూడు నాలుగు ఊళ్ళు కలిస్తే ఒక మ్యాట్, ఒక రాతి రోలర్, ఒక జట్టుకు సరిపడా ప్యాడ్లు, హెల్మెట్లు వస్తాయి. పీచు వ్యాపారులు, జీడిపప్పు ఫ్యాక్టరీల యజమానులు, గ్రానైట్ క్వారీల వాళ్ళు తలా ఒక చెయ్యి వేయండి. మే నెలలో చెరువు పూడిక తీసేటప్పుడు నాలుగు ట్రాక్టర్ల మట్టి హైస్కూలు గ్రౌండుకు తోలించండి.